కారు కొన్ని వారాలు కదలకుండా ఉండబోతోందా? పెట్టే ముందు ఏం చెయ్యాలి, తిరిగొచ్చాక ఎలా తియ్యాలి

ఊరెళ్తున్నారనో, ఒంట్లో బాలేక కొన్నాళ్లు డ్రైవింగ్ మానేశారనో, ఇంకేదో కారణం వల్లనో కారు నాలుగైదు వారాలు కదలదని తెలియగానే చాలామంది చేసే మొదటి పని కవర్ కొనడం. నన్నడిగితే కవర్ సంగతి అన్నిటికన్నా ఆఖర్న చూసుకోవాలి, కొన్నిచోట్ల అయితే అది లేకపోతేనే బండికి మంచిది. నిలబడిపోయిన బండిని నిజంగా పాడుచేసేవి మూడు: బ్యాటరీలోంచి చడీచప్పుడు లేకుండా కారిపోయే కరెంటు, లోపల ఇరుక్కుపోయిన తేమ, ఎలకలు. టైర్లు చచ్చిపోతాయి, పెట్రోలు పాడైపోతుంది, ఆయిలు గడ్డకట్టేస్తుంది లాంటివన్నీ ఏడాది పాటు పెట్టేసేవాళ్ల కోసం రాసిన లిస్టుల్లోంచి వచ్చిన భయాలు, ఆరు వారాలకి అంత సీన్ లేదు.

అందుకని ముందు ఎన్నాళ్లో లెక్క వేసుకోండి. రెండు వారాల లోపైతే, బ్యాటరీ మరీ ముసలిది కాకపోతే, లోపల శుభ్రం చేసి టైర్లలో గాలి చూసి తాళం వేసి వెళ్లిపోవచ్చు. మూడు వారాల నుంచి రెండు నెలల దాకా అయితే కింద రాసినవన్నీ చెయ్యండి. అంతకు మించితే పెట్రోలు గురించి కూడా కొంచెం ఆలోచించాలి, అది కూడా మధ్యలో చెప్తాను.

ముందు రోజు రాత్రి కాదు, రెండు మూడు రోజుల ముందే మొదలెట్టండి

వరస చాలా ముఖ్యం ఇక్కడ. కడగడం, ఇంధనం పోయించడం, గాలి పట్టించడం, ఒక మంచి డ్రైవ్, ఆ తర్వాతే పార్కింగ్. ఎందుకంటే కడిగిన బండిని అలాగే తడిగా తీసుకెళ్లి పెట్టేస్తే బ్రేకు డిస్కుల మీద, డ్రమ్ముల్లో నీళ్లు అలాగే ఉండిపోయి తుప్పు పట్టేస్తుంది, ప్యాడ్లు డిస్కుకి అతుక్కుంటాయి. కడిగాక కనీసం అరగంట తిప్పండి, మధ్యలో నాలుగైదు సార్లు బ్రేకు బాగా నొక్కండి, ఆ వేడికి తడి ఆరిపోతుంది. అదే డ్రైవ్‌లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఆయిల్లో ఉన్న తేమ కూడా పోతుంది, బ్యాటరీకి కాస్త చార్జింగూ ఎక్కుతుంది, ఒక్క దెబ్బకి మూడు పనులు.

కడిగేటప్పుడు పైన మెరిసిందా లేదా అన్నది కాదు, చక్రాల పైన మడ్‌గార్డుల లోపల, కింద అంచుల్లో పేరుకున్న బురద పోవాలి. ఆ బురద తడిని పట్టుకుని కూర్చుంటుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. పిట్టల రెట్టలు, చెట్ల జిగురు ఉంటే తప్పకుండా తీసేయండి, రోజూ తిరిగే బండి మీద రెండు రోజులుంటే పర్వాలేదు గానీ ఎండలో వారాల తరబడి ఉంటే పెయింటు పైపొరని తినేస్తాయి. వ్యాక్స్ కొట్టే ఓపిక ఉంటే కొట్టండి, లేకపోతే కొంపలేం మునిగిపోవు.

ఆ చివరి డ్రైవ్ ఆఖరి పది నిమిషాల్లో ఏసీ కంప్రెసర్ బటన్ ఆపేసి ఫ్యాన్ మాత్రం ఫుల్లుగా తిప్పండి. ఏసీ లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద నీళ్లు పేరుకుని ఉంటాయి, అవి ఆరకుండా మూసేస్తే బూజు పడుతుంది, తిరిగొచ్చి ఏసీ వెయ్యగానే కొట్టే ఆ మాగిన వాసన దానిదే. ఆరిన తర్వాత గాలిని రీసర్క్యులేషన్‌లో (లోపలి గాలే తిరిగే సెట్టింగ్) పెట్టి ఇంజిన్ ఆపండి, అప్పుడు బయటి గాలి వచ్చే దారి మూసుకుంటుంది, అటునుంచి లోపలికి దూరే పురుగూ పుట్రకి కూడా కొంత అడ్డు.

ఎక్కడ పెట్టాలి

కప్పు ఉన్న, నేల గట్టిగా ఉన్న, సమంగా ఉన్న, పొడిగా ఉన్న చోటు. నాలుగూ ఒకేచోట దొరక్కపోతే సమంగా ఉండటాన్ని, నీళ్లు నిలవకపోవడాన్ని ముందు చూడండి. వాలుగా ఉన్న చోట పెడితే హ్యాండ్ బ్రేక్ మీద ఆధారపడాల్సొస్తుంది, అది ఎందుకు వద్దో కింద చెప్తాను. పల్లంగా ఉన్న బేస్‌మెంట్ అయితే ఒక్క పెద్ద వానకి ఏమవుతుందో మీకు తెలిసిందే. గడ్డి మీద, మట్టి మీద పెడితే కిందనుంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది, పైగా ఎండుగడ్డి మీద వేడి సైలెన్సరుతో ఆపడం ప్రమాదం కూడా. చెట్టు కింద నీడ బాగానే ఉంటుంది కానీ ఆకులు రాలి ముందు అద్దం కింద ఉండే జాలీలో పడి నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోతాయి, అక్కణ్ణుంచి నీళ్లు కారు లోపలికే వస్తాయి. సన్‌రూఫ్ ఉన్న బండికి ఇది ఇంకా ఎక్కువ, దానికి మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి, పెట్టే ముందు కొంచెం నీళ్లు పోసి కిందికి పోతున్నాయో లేదో చూడండి.

వీధిలోనే పెట్టక తప్పదనుకోండి, మీరు లేనప్పుడు అక్కడ రోడ్డు పని జరిగినా ఎవరైనా తియ్యమన్నా తియ్యడానికి ఒక మనిషి కావాలి. రెండో తాళం నమ్మకమైన వాళ్లకి ఇచ్చి వెళ్లండి. ఇన్సూరెన్స్, ఇతర కాగితాల గడువు ఈలోపు అయిపోతుందేమో చూసుకోండి, బండి తిరగట్లేదు కదా అని ఇన్సూరెన్స్ ఆపేయకండి, దొంగతనం, నిప్పు, వరద, చెట్టు కొమ్మ విరిగి పడటం ఇవన్నీ ఆగి ఉన్న బండికే జరుగుతాయి.

లోపల

తిండికి సంబంధించింది ఒక్క ముక్క కూడా ఉండకూడదు. బిస్కెట్ పొడి, చాక్లెట్ కాగితం, పిల్లల సీటు సందుల్లో ఇరుక్కున్నవి, డోర్ పాకెట్లో సగం తాగిన జ్యూస్, అన్నీ తీసేసి సీట్లు వెనక్కీ ముందుకీ జరుపుతూ వ్యాక్యూమ్ చెయ్యండి. ఎలకని పిలిచేది ముందు వాసనే. కాగితాలు, టిష్యూ డబ్బాలు, పాత గుడ్డలు కూడా తీసేయండి, అవి దానికి గూడు కట్టుకునే సామాను.

మ్యాట్లు తీసి కింద కార్పెట్ చేత్తో నొక్కి చూడండి. తడిగా తగిలితే ఆరేదాకా బండి పెట్టొద్దు, మూసిన కార్లో ఆ ఒక్క తడి మ్యాట్ చాలు సీటు బెల్టుల దాకా బూజు పట్టడానికి. తేమ ఎక్కువుండే చోటైతే తేమ పీల్చే డబ్బాలు ఒకటి రెండు లోపల పెట్టండి, అవి నిండితే నీళ్లు అవుతాయి కాబట్టి సీటు మీద కాకుండా కింద ట్రేలో పెట్టండి.

లైటర్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు కార్లో ఉంచొద్దు, ఎండకి మూసిన కారు లోపల ఎంత వేడెక్కుతుందో తెలుసు కదా. విలువైనవి, ఒరిజినల్ కాగితాలు కూడా ఇంట్లోనే.

బ్యాటరీ, అసలు కథంతా ఇక్కడే

కారు తాళం వేసి వెళ్లిపోయాక కూడా బండి పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ తాళం కోసం వినే రిసీవర్, గడియారం, కంప్యూటర్ మెమరీ, కొత్త బండ్లలో అయితే ఫోన్ యాప్‌తో మాట్లాడే సిమ్ యూనిట్, ఇవన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంటాయి, అది మామూలే, ఫాల్ట్ కాదు. చిన్న అంకెలా ఉంటుంది గానీ లెక్క వెయ్యండి. 30 మిల్లీ ఆంపియర్లు అంటే రోజుకి 0.72 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత), 30 రోజులకి 21.6. మీ బ్యాటరీ 45 ఆంపియర్ అవర్‌ది అనుకుంటే నెలకి దాదాపు సగం ఖాళీ. 50 మిల్లీ ఆంపియర్లయితే నెలకి 36, అంటే సెల్ఫ్ తీసుకోదు. పైగా నాలుగేళ్ల బ్యాటరీలో రాసి ఉన్నంత కెపాసిటీ ఉండదు, ఎండ వేడికి అదంతట అదే కూడా కొంత దిగిపోతుంది.

దీనికి తోడు మనం పెట్టినవి. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డాష్‌క్యామ్ 250 మిల్లీ ఆంపియర్లు లాగిందంటే రోజుకి 6 ఆంపియర్ అవర్లు, వారంలో బ్యాటరీ అయిపోయినట్టే. డయాగ్నస్టిక్ పోర్టుకి (మెకానిక్ స్కానర్ గుచ్చే సాకెట్) గుచ్చి వదిలేసిన ట్రాకర్లు, చార్జర్లు, సరిగ్గా మూతపడని డిక్కీ లైటు, గ్లవ్ బాక్స్ లైటు ఇవన్నీ చూసి పీకేయండి. ఇంకోటి, కీలెస్ బండి తాళం కారుకి దగ్గర్లో గోడ అవతల కొక్కేనికి తగిలించి ఉంటే కొన్ని బండ్లు దాన్ని పసిగట్టి మాటిమాటికీ మేలుకుంటాయి, తాళం దూరంగా పెట్టండి. బండి ఎలా ఉందో అని రోజుకి నాలుగుసార్లు ఫోన్ యాప్ తెరిచి చూడటం కూడా అంతే, చూసిన ప్రతిసారీ దాన్ని నిద్రలేపుతున్నట్టే.

కార్లలో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉండిపోవడంలో అసలు నష్టం బండి స్టార్ట్ కాకపోవడం కాదు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతూ పోతుంది, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఆ భాగం తిరిగి పనిచెయ్యదు. అందుకే జంప్ స్టార్ట్ చేస్తే సరిపోతుందిలే అనుకుని వదిలెయ్యడం మంచి లెక్క కాదు.

ముందు పరిస్థితి చూడండి. మామూలు మల్టీమీటర్ చాలు. బండి ఆపి ఒక రాత్రంతా వదిలేసి పొద్దున్నే, డోరు తెరవకముందే వీలైతే, చూస్తే 12.6 ఓల్టులు ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువుంటే దాదాపు అయిపోయినట్టే. ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మొద్దు. 12.4 కంటే తక్కువుంటే పెట్టే ముందే చార్జరుతో పూర్తిగా చార్జ్ చెయ్యండి, సగం బ్యాటరీతో పెట్టి మైనస్ కేబుల్ పీకేస్తే ఏం లాభం లేదు.

తర్వాత మీకు మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా మంచిది, ప్లగ్ దగ్గర్లో ఉంటే, బ్యాటరీ మెయింటెయినర్, అంటే బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న చార్జర్. నిండాక తనంతట తాను తగ్గిపోయే స్మార్ట్ రకం తీసుకోండి, పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ వారాల తరబడి వదిలేస్తే అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. మీది ఏజీఎం అనే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగి తనే స్టార్టయ్యే స్టార్ట్ స్టాప్ ఉన్న బండ్లలో చాలావాటికి అదే) చార్జర్‌లో ఆ మోడ్ ఉండాలి. గాలి ఆడే చోట పెట్టండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది మండే వాయువు.

ప్లగ్ లేకపోతే మైనస్ తీసెయ్యడం. చాలా బండ్లకి 10 నంబర్ స్పానర్ ఒకటి సరిపోతుంది, పని రెండు నిమిషాలు, కానీ ముందు ఈ కొన్ని చూసుకోండి. పాత స్టీరియోలు కొన్నిటికి కోడ్ అడుగుతుంది, అది దగ్గరుందా? బ్యాటరీ డిక్కీలో ఉండి డిక్కీ కరెంటుతో మాత్రమే తెరుచుకుంటుందా, అలా అయితే మూసేశాక మీరు బయట ఇరుక్కుంటారు, తాళంలో దాగున్న మెటల్ కీతో ఏ డోరు తెరుచుకుంటుందో ముందే తెరిచి చూడండి. అలారం కూడా పనిచెయ్యదు కాబట్టి వీధిలో పెట్టిన బండికి ఇది నేను చెప్పను. అన్నీ సరే అనుకుంటే ఇంజిన్ ఆపి, పదిహేను నిమిషాలు ఆగి, ముందు మైనస్ తియ్యండి. ప్లస్ ముందు విప్పితే స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందా షార్ట్ అయ్యి మంటలే. తీసిన కేబుల్ తిరిగి వెనక్కొచ్చి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి కట్టండి. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి ఉంటే బేకింగ్ సోడా కలిపిన నీళ్లతో, చేతులకి గ్లవ్స్ వేసుకుని తుడిచేసి, ఆరాక కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి.

మూడోది ఎండలో పెట్టే చిన్న సోలార్ ప్యానెల్. పనిచేస్తుంది, కానీ చాలామంది దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి గుచ్చి వెళ్లిపోతారు, చాలా బండ్లలో తాళం తీశాక ఆ సాకెట్‌కి బ్యాటరీతో సంబంధమే ఉండదు, ప్యానెల్ గాలికి చార్జింగ్ పెడుతున్నట్టే. క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించాలి.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని ఎవరికైనా చెప్దామా?

వద్దు. మంచి ఉద్దేశంతో చేసే పనుల్లో బండికి చెడు చేసేది ఇదే అని నా అభిప్రాయం.

వారంలో 30 మిల్లీ ఆంపియర్ల లెక్కన పోయింది 5 ఆంపియర్ అవర్లు. ఐడిలింగ్‌లో బ్యాటరీలోకి 10 ఆంపియర్లు వెళ్తున్నాయనుకున్నా ఐదు నిమిషాలకి ఎక్కేది 0.8, అందులో సెల్ఫ్‌కి వాడింది కూడా తీసెయ్యాలి. అంటే పోయినదాంట్లో ఆరో వంతు కూడా తిరిగి రాలేదు. ఇంకోపక్క ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికొస్తాయి, చల్లటి సైలెన్సర్‌లో అవి నీళ్లుగా మారి అక్కడే నిలబడతాయి, కొంత పిస్టన్ పక్కనుంచి ఆయిల్లోకి కూడా దిగుతాయి. పూర్తిగా వేడెక్కితేనే ఇవన్నీ ఆవిరై పోతాయి, ఐదు నిమిషాల్లో వేడెక్కదు. డీజిల్ బండి అయితే దానికి తోడు సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ నిండిపోతుంది.

ఎవరైనా ఉంటే రెండు వారాలకోసారి అరగంట నిజంగా రోడ్డు మీద తిప్పమనండి. అది కుదరకపోతే అసలు ముట్టుకోవద్దని చెప్పండి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వదలడం అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయాక గానీ తెలియదు.

హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా

లాగి పెట్టిన హ్యాండ్ బ్రేక్ వారాల తరబడి అలాగే ఉంటే బ్రేకు షూ డ్రమ్ముకి, ప్యాడ్ డిస్కుకి తుప్పుతో అతుక్కుపోతుంది, తేమ ఉన్నచోట ఇంకా త్వరగా. కాబట్టి మాన్యువల్ అయితే ఫస్ట్ గేర్ లేదా రివర్స్‌లో పెట్టి, ఆటోమేటిక్ అయితే పీ (పార్క్)లో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మలో రబ్బరు స్టాపర్లో పెట్టండి. ముందు స్టాపర్లు, తర్వాతే హ్యాండ్ బ్రేక్ దించడం, ఈ వరస తిప్పొద్దు. వాలులో పెట్టక తప్పకపోతే మాత్రం హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచండి, అతుక్కున్న షూని విడిపించుకోవచ్చు, దొర్లిపోయిన బండిని ఆపలేం.

బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపగానే అదే వేసుకుంటుంది, ఆపే పద్ధతి మాన్యువల్ బుక్‌లో ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే ఆ బ్రేకు వదలదు, బండిని తోసి కూడా జరపలేరు, బ్యాటరీ గురించి అంతసేపు చెప్పడానికి అదీ ఒక కారణం.

టైర్లు

బరువు ఒకే చోట పడి టైరు అడుగు కొంచెం చదునవుతుంది, దాన్ని ఫ్లాట్ స్పాట్ అంటారు. కొన్ని వారాలకి వచ్చేది తాత్కాలికమే, తిరిగి వేడెక్కితే పోతుంది. గాలి తక్కువున్న టైరుకి ఇది ఎక్కువ, అందుకని డోరు పక్కన స్టిక్కర్ మీద రాసినదానికన్నా 3 నుంచి 5 పీఎస్ఐ ఎక్కువ పట్టించండి, టైరు గోడ మీద రాసి ఉన్న గరిష్ఠం మాత్రం దాటొద్దు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మంచి టైరు కూడా నెలకి ఒకటి రెండు పీఎస్ఐ వదులుతుంది కాబట్టి ఆ ఎక్స్‌ట్రా తిరిగొచ్చేసరికి సరిపోతుంది. స్టెప్నీలో కూడా గాలి పట్టించండి, అవసరమైన రోజున ఎప్పుడూ దాంట్లో గాలుండదు.

జాకీలు, స్టాండ్లు వద్దు. వారాల కోసం అంత అవసరం లేదు, సస్పెన్షన్ వేలాడుతూ ఉండటం కూడా మంచిది కాదు. ఎవరైనా మధ్యలో వచ్చి అర చక్రం తిరిగేలా ముందుకో వెనక్కో తోస్తే చాలు.

ఇంధనం, ఆయిలు, కూలెంట్

ట్యాంకు దాదాపు నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకులో గాలి, గాలిలో తేమ, అది గోడలకి చేరి నీళ్లవుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ తేమని పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుక్కి దిగిపోతాయి. కానీ మూత బిగించిన కారు ట్యాంకులో రెండు నెలలకి ఈ గొడవ రాదు. మూడు నెలలు దాటుతుందనుకుంటేనే స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కలిపే మందు), అది కూడా పోసి పది నిమిషాలు నడిపితేనే పైపుల్లోకి ఇంజెక్టర్లలోకి వెళ్తుంది, పార్క్ చేశాక పొయ్యడం దండగ. డీజిల్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. నాజిల్ కట్ అయ్యాక కూడా మూతి దాకా కుక్కి కుక్కి పోయించకండి.

ఆయిల్ మార్పు గడువు దగ్గర్లో ఉంటే వచ్చాక చేయిద్దాంలే అనకుండా ముందే చేయించండి, వాడిన ఆయిల్లో ఉండే ఆమ్లాలు తేమ బేరింగుల మీద కూర్చోవడం ఎందుకు. గడువు దూరంగా ఉంటే వదిలేయండి. కూలెంట్ లెవెల్ చూడండి, గడ్డకట్టే చలి ఉన్న చోటైతే రేడియేటర్లోను వైపర్ ట్యాంకులోను మామూలు నీళ్లు ఉండకూడదు.

ఎలకలు

బ్యాటరీ పోతే బ్యాటరీ ఖర్చుతో పోతుంది, ఎలక వైరింగ్ కొరికితే ఏ వైరో వెతకడానికే మెకానిక్ రోజంతా తినేస్తాడు. వాటి పళ్లు పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి, ఇంజిన్ గది చీకటిగా గాలి తగలకుండా ఉంటుంది, ఇంకేం కావాలి.

కార్లో తిండి తీసేశారు సరే, బండి చుట్టూ కూడా చూడండి, పక్కనే చెత్త డబ్బానో కుక్క తిండి బస్తానో గింజల మూటనో ఉంటే దాన్ని దూరం జరపండి. మూసిన గ్యారేజీ అయితే బానెట్ ఎత్తి ఉంచడం కొంతమేరకు పనిచేస్తుంది, వెలుతురుకి గాలికి అవి గూడు పెట్టడానికి ఇష్టపడవు, బానెట్ లైటు ఉంటే మాత్రం దాన్ని పీకాలి. సైలెన్సర్ గొట్టంలో, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి వెళ్లే మూతిలో స్టీల్ ఉల్ (సన్నటి ఇనప పీచు) కుక్కొచ్చు, అయితే తీయకుండా స్టార్ట్ చేస్తే అది ఇంజిన్‌కే చేటు, కాబట్టి అలా కుక్కితే స్టీరింగ్‌కి పెద్ద కాగితం కట్టండి. ఆ కాగితం మీదే మిగతావి కూడా రాయండి: బ్యాటరీ తీసి ఉంది, హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదు, గేర్లో ఉంది, చక్రాల కింద దిమ్మలున్నాయి అని. మీకు గుర్తుంటుంది, కానీ మీ తాళం ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది.

కలరా ఉండలు కార్లో వెయ్యమని చాలామంది చెప్తారు, ఆ వాసన సీట్లకి పట్టి నెలల తరబడి వదలదు, పీల్చడం మనకీ మంచిది కాదు. ఎలకలకి విషం పెట్టినా అది బండి లోపలే ఏదో సందులో చచ్చిందంటే ఇక మీ ఖర్మ. బోను పెట్టి రెండ్రోజులకోసారి చూసే మనిషి ఉంటే అన్నిటికన్నా అదే నయం.

అద్దాలు, వైపర్లు, కవర్

బయట పెట్టిన బండికి అద్దాలన్నీ పూర్తిగా ఎక్కించాలి. మూసిన, పొడి గ్యారేజీలో అయితే వేలు కూడా పట్టనంత సందు వదిలితే లోపల గాలి ఆడుతుంది, ఎలకల బెడద ఉంటే ఆ సందు కూడా వద్దు. వైపర్లు ఎత్తి పెట్టండి లేదా రబ్బరు కింద గుడ్డ ముక్క పెట్టండి, ఎండకి రబ్బరు అద్దానికి అంటుకుని వచ్చాక వెయ్యగానే చిరుగుతుంది. డోర్ల రబ్బర్లకి సిలికాన్ స్ప్రే కొట్టి తుడిస్తే అతుక్కోవు.

కవర్ వేస్తే గాలి ఆడే గుడ్డ రకమే. ప్లాస్టిక్ షీటు కప్పితే కింద తేమ ఆరదు, పెయింటు మీద పొక్కుల్లా వస్తుంది. దుమ్ము ఉన్న బండి మీద, తడి బండి మీద అస్సలు కప్పొద్దు. గాలి బాగా కొట్టే ఆరుబయట కవర్ రోజంతా కొట్టుకుంటూ ఇసుకని పెయింటుకి రుద్దుతూ ఉంటుంది, అలాంటిచోట కవర్ లేకుండా వదిలెయ్యడమే నయం, వచ్చాక ఒకసారి కడుక్కుంటే పోతుంది.

కరెంటు కార్లు, హైబ్రిడ్లు

పెద్ద బ్యాటరీని 100 శాతం దగ్గర నింపి వదలొద్దు, 10 శాతం దగ్గరా వదలొద్దు, సగం చుట్టుపక్కల ఉంచండి. కంపెనీ ప్లగ్ పెట్టే ఉంచమని చెప్తే చార్జింగ్ లిమిట్ 50 చుట్టూ పెట్టి అలాగే ఉంచండి, ఇది మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి బుక్ చూడండి. చుట్టూ కెమెరాలతో కాపలా కాసే మోడ్‌లు, క్యాబిన్ చల్లగా ఉంచే మోడ్‌లు ఆపేయండి, రోజూ కొంత శాతం అవే తినేస్తాయి. కరెంటు కారుకి ఇంత పెద్ద బ్యాటరీ ఉంది కదా అనుకుంటారు, కానీ డోర్లు తెరవడానికి కంప్యూటర్లు మేలుకోవడానికి చాలావాటిలో ఇంకా చిన్న 12 ఓల్టుల బ్యాటరీయే, అది పోతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. హైబ్రిడ్‌లో కూడా అంతే.

తిరిగొచ్చాక

బ్యాగులు దించి వెంటనే తాళం తిప్పెయ్యకండి. ముందు వంగి కింద చూడండి, ఆయిల్ మరకో కూలెంట్ మరకో ఉందా. బానెట్ ఎత్తి కొరికిన వైర్లు, గడ్డి, ఎలక పెంటికలు ఉన్నాయా. ఎలక పెంటికలుంటే పొడిగా ఊడ్చొద్దు, ఆ దుమ్ము పీలిస్తే జబ్బులొస్తాయి, మాస్కు గ్లవ్స్ వేసుకుని క్రిమిసంహారకం చల్లి తడిపి తుడవండి. స్టీల్ ఉల్ తీయండి. ఆయిల్, కూలెంట్ లెవెల్ చూడండి, టైర్లలో గాలి మామూలుకి తెచ్చుకోండి. మైనస్ తీసి ఉంటే బిగించండి.

బ్రేకు పెడల్ నొక్కండి, గట్టిగా తగలాలి, మెత్తగా లోపలికి దిగిపోతే బండి కదపకండి. తర్వాత స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కకుండా ఒక అర నిమిషం ఆగండి, ఆయిల్ లైటు కొన్ని సెకన్లలోనే ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపెయ్యాలి. బ్యాటరీ పీకిన బండ్లలో స్టీరింగ్ లైటో స్కిడ్ కంట్రోల్ లైటో వెలుగుతుంది, స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పి కొంచెం దూరం వెళ్తే చాలావాటిలో పోతుంది, పవర్ విండోలు ఒక్క నొక్కుకి వెళ్లకపోతే పైకి ఎక్కించి బటన్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి.

సెల్ఫ్ తీసుకోకపోతే జంపర్ కేబుల్. ఎర్రది ముందు మీ చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత సాయం చేసే బండి ప్లస్‌కి, నల్లది ఆ బండి మైనస్‌కి, ఆఖరి నల్ల క్లిప్పు మీ ఇంజిన్ మీద బ్యాటరీకి దూరంగా పెయింటు లేని మెటల్‌కి. ఆఖరిది నేరుగా బ్యాటరీకి పెడితే నిప్పురవ్వ అక్కడే వస్తుంది, అక్కడే హైడ్రోజన్ ఉంటుంది. తీసేటప్పుడు సరిగ్గా ఇదే వరస వెనక్కి. రెండూ 12 ఓల్టుల బ్యాటరీలే అయ్యుండాలి.

చక్రం అతుక్కుని కదలకపోతే యాక్సిలరేటర్ బలంగా తొక్కి లాగించొద్దు, ఫస్ట్‌లో కొంచెం, రివర్స్‌లో కొంచెం మెల్లిగా ఊపండి, చాలాసార్లు టక్ మని వదిలేస్తుంది. వదలకపోతే చక్రం విప్పి డ్రమ్ము మీద సుత్తితో మెల్లిగా కొట్టాలి, అది మెకానిక్ పని.

మొదటి నాలుగైదు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా. బ్రేకు వేస్తే గరగర శబ్దం వస్తుంది, డిస్కు మీద తుప్పు పొర అది, కొన్నిసార్లు నొక్కేసరికి పోతుంది. స్టీరింగ్ దడదడ కూడా టైర్లు వేడెక్కాక ఇరవై కిలోమీటర్లలోపే తగ్గాలి, మర్నాడూ అలాగే ఉంటే వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. జంప్ చేసి తీసిన బండి అయితే ఈ డ్రైవ్‌తో బ్యాటరీ నిండిపోయిందనుకోవద్దు, ఇంటికొచ్చి రాత్రంతా చార్జర్ పెట్టి, తీశాక ఇంకో రాత్రి వదిలేసి మీటర్‌తో చూడండి, 12.4 కూడా చూపించట్లేదంటే ఆ బ్యాటరీని ఇంకో ట్రిప్పుకి నమ్మకండి, మార్చేయండి.